బైట్ ది బుల్లెట్ అంటే ఏమిటని పైడమ్మ అడిగింది

1978లో నేను జంషెడ్‌పూర్‌లో, సాక్చీ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. వార్డులో అంతా హిందీ, బెంగాలీ. ఎవరైనా తెలుగులో మూలిగితే నన్ను పిలిచేవారు. పైడమ్మ నాకు అలాగే పరిచయమైంది. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆమె కాసిడీహ్‌లో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. గారెలు వేస్తుంటే మూకుడు తిరగబడి, కాగే నూనె కుడిచేతి మీద పడింది.

గాయం మానుతోంది, కానీ వేళ్లు బిగుసుకుపోతున్నాయి. కాలిన చర్మం మానుతూ ముడుచుకుపోవడాన్ని కాంట్రాక్చర్ అంటాం. డ్రెస్సింగ్ మార్చినప్పుడల్లా వేళ్లు వంచి చాపకపోతే ఆ చెయ్యి ఇక కత్తెర పట్టదు. నొప్పి తెలియకుండా ప్రతిసారీ ఇంజెక్షన్ ఇవ్వడం కుదరదు. "షీ విల్ హావ్ టు బైట్ ది బుల్లెట్" అనేసి డాక్టరుగారు పక్క మంచానికి వెళ్లారు.

"ఏటంతన్నారు సిస్టరమ్మా? బుల్లెట్టని ఇనపడింది" అంది పైడమ్మ.

నాకూ తెలియదు. వెళ్లి ఆయన్నే అడిగాను. మత్తుమందు లేని రోజుల్లో, గాయపడిన సిపాయికి కోత కోసేటప్పుడు నొప్పికి కరుచుకోమని పళ్ల మధ్య సీసపు తూటా పెట్టేవారట. మాట అక్కడే పుట్టిందంటారు గానీ, రుజువు లేదన్నారు. ఇప్పుడైతే తప్పని కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కోవడమని అర్థం. వచ్చి అదంతా పైడమ్మకు చెప్పాను.

ఆమె ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ సిపాయిని ఎవులో కోసేవోరు. కరవడం తప్ప ఆడికింకేటుంది పని? నా ఏళ్లు నానే ఒంచుకుంతాను. సాల్లేదంటే నువ్వు సెప్పు."

ముందు ఒప్పుకోలేదు నేను. నొప్పికి భయపడి సగంలో ఆపేస్తుందనుకున్నాను. చివరికి సరేనన్నాను. ఆపలేదు. ఎడమచేత్తో ఒక్కో వేలినీ పట్టి వంచేది. చెమటతో జాకెట్టు తడిసిపోయేది. నోరు మూసుకుని మాత్రం భరించలేదు. ఆ మూకుణ్ణి అమ్మినవాడి దగ్గర్నుంచి అందరినీ తిట్టేది. ఇంకొంచెం అంటే, ఇంకొంచెం వంచేది. నేను వంచినప్పుడు వేళ్లు ఎప్పుడూ అంత దూరం రాలేదు.

కొన్ని వారాలకు పిడికిలి బిగించగలిగింది. డాక్టరుగారు తన రెండు వేళ్లు అందించి నొక్కమన్నారు. గట్టిగా నొక్కింది. ఆయన నవ్వి, ఆ చేతికి నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత ఏ రోగికీ "ఓర్చుకో" అని చెప్పలేదు నేను. కట్టు విప్పే ముందు అడిగేదాన్ని: "మీరు చేసుకుంటారా, నన్ను చెయ్యమంటారా?" చాలామంది తామే చేసుకుంటామనేవారు.