వెంకటనర్సమ్మ ఆటలమ్మకు ఇచ్చిన మాట

నాచారంలో ఎవరింట ఆటలమ్మ పోసినా ముందు కబురు వెళ్లేది వెంకటనర్సమ్మకే. గుమ్మానికి వేపమండలు కట్టడం, ఆ ఇంట తాలింపు చప్పుడు వినపడకుండా చూడటం, పొక్కులు మాడాక పసుపు నీళ్లు పోయించి పెరుగన్నం పెట్టించడం అన్నీ ఆవిడ చేతుల మీదుగా జరగాల్సిందే. మందు మాట ఎత్తారో, అంతెత్తున లేచేది. తల్లి వచ్చిన ఇంట్లో మందు వాడితే తల్లిని వెళ్లగొట్టినట్టేనని ఆవిడ నమ్మకం.

అలాంటి మనిషి ఇంట్లోనే, తెలంగాణ రావడానికి చాలా ఏళ్ల ముందు ఒక ఎండాకాలం, కడుపుతో ఉన్న కోడలు సంతోషికి పోసింది. వేపాకుల మీద పడుకోబెట్టినా జ్వరం దిగలేదు, పైగా దగ్గు పట్టుకుంది. కొడుకు శివ అమ్మ మాట కాదని ఆటో పిలిచాడు. ఆవిడ గుండె చిక్కబట్టుకుని వెంట ఎక్కింది.

ఏఎస్ రావు నగర్‌లో డాక్టర్ కామాక్షి పరీక్షించి, ఇంకా ఊపిరితిత్తుల్లోకి దిగలేదని, దిగితే ఇద్దరికీ ప్రాణాపాయమని చెప్పి మాత్రలు రాసింది.

"గా పురుగును సంపే మందు కడుపుల పిండాన్ని ఇడుస్తదా డాక్టరమ్మా?" అంది వెంకటనర్సమ్మ. తల్లి కోపం సంగతి సరే, ఆవిడ అసలు భయం అదీ.

"వైరస్‌కి సొంత ఎంజైమ్ ఒకటి ఉంటుందమ్మా. అలాంటి పని చేసేది మన కణాల్లోనూ ఉంది, కానీ మనది ఏరి ఏరి తీసుకుంటుంది. వైరస్‌ది ఏది దొరికితే అది పట్టుకుంటుంది. దాని చెయ్యి పడితేనే ఈ మందు పని మొదలవుతుంది. మన ఎంజైమ్ దీన్ని దాదాపు ముట్టుకోదు, బిడ్డదీ అంతే. అసలు భయమే లేదని నేననను. వేయకపోతేనే ఎక్కువ భయం."

ఇంటికొచ్చాక ఆవిడ మాత్ర పట్టుకుని చాలాసేపు దేవుడి పటాల ముందు నిలబడింది.

"తల్లీ, ఈ పిల్లకు మందు నేనే ఏస్తున్న. కోపమొస్తె నా మీద తీర్చుకో. ఆళ్ల జోలికి పోకు," అంది. మంచం మీంచి విన్న సంతోషికి ఏడుపు ఆగలేదు.

సంతోషి కోలుకుంది. ఆడపిల్ల పుడితే పద్మశ్రీ అని పేరు పెట్టుకున్నారు. వెంకటనర్సమ్మ మాత్రం తనకు ఏ చిన్న జ్వరం వచ్చినా, తల్లి కోపం ఇదేనేమో అనుకుంటూ ఏళ్లు గడిపింది.

రాష్ట్రం వచ్చిన ఏడు ఆవిడ నడుముకు ఒక పక్కగా సర్పి పొక్కులు లేచాయి. నిప్పులు పోసినట్టు మంట. శివ పరుగున వెళ్లి అప్పుడు సంతోషికి వేసిన మాత్రలే తెచ్చాడు.

"ఇది ఆటలమ్మ వైరసేనటమ్మా. నీకు ఎన్నడో పోసినప్పుడే ఒంట్ల దాక్కుందట, ఇప్పుడు లేసింది," అన్నాడు.

ఆవిడ ముఖం తేటపడింది.

"మందు మీద నాకు అనుమానం లేదు బిడ్డా. కోపం నా మీద తీర్చుకొమ్మని తల్లికి నేనే అంటి కద. ఇప్పుడు ఎట్ల ఏసుకుంట?"

ఎంత బతిమాలినా ఆవిడ మాత్ర ముట్టలేదు. పొక్కులు మాడినా మంట నెలల తరబడి వదల్లేదు. పద్మశ్రీ పక్కన కూర్చుని విసురుతుంటే, ఆ పిల్ల ముఖం చూస్తూ మూలగకుండా పడుకునేది.