నర్సమ్మ గారి కంప్యూటర్లో పుట్టినరోజులు

నర్సమ్మ గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్న ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. "చర్చికి టైమవుతోందని లేపడానికెళ్తే లేవలేదన్నయ్యా. నిద్దట్లోనే పోయింది" అంది. నేను ఉద్యోగం కోసం విశాఖ వచ్చేసి రెండేళ్ళవుతోంది. అనకాపల్లి బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ మాట నాకు పూర్తిగా తలకెక్కలేదు. అంతమందిని ఈ లోకంలోకి తీసుకొచ్చిన మనిషి, తను వెళ్ళేటప్పుడు ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయారు.

ఆవిడ అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలియదు. నర్సమ్మ అంటే చాలు. ప్రభుత్వ నర్సుగా కె. కోటపాడు పల్లెల నుంచి నక్కపల్లి పల్లెల దాకా ఎక్కడెక్కడో పురుళ్ళు పోసి, రిటైరయ్యాక మా పక్కింట్లో స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. గోళ్ళు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించుకునేవారు. ఏ పని మొదలుపెట్టినా ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. చివరికి కంప్యూటర్ ముందు కూర్చునేటప్పుడు కూడా అంతే. తడి చేతులు తుడుచుకుని, పాత తెల్లచీర చింపి కుట్టిన ముసుగు తీసి, మడతపెట్టి, అప్పుడు స్విచ్ వేసేవారు.

డెబ్భై దగ్గర పడుతున్న ఆవిడకి కంప్యూటర్ ఎందుకో చెప్పాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ సొంతంగా పుస్తకాలు రాసుకున్నారు. పోసిన ప్రతి పురుడూ అందులో ఉంటుంది. తల్లి పేరు, ఊరు, తేదీ, వాచీ చూసి వేసుకున్న టైము. బడిలో వేసేటప్పుడు మాస్టార్లు సగం మంది పిల్లలకి జూన్ నెలే రాసేసిన కాలం అది. అసలు తేదీ కావాలంటే నర్సమ్మ గారి దగ్గరికే రావాలి. పెళ్ళి సంబంధం కుదిరితే జాతకం కట్టడానికి పుట్టిన టైము కావాలని హిందువుల ఇళ్ళ నుంచి ఎంతమంది వచ్చేవారో. ఆవిడకి జాతకాల మీద నమ్మకం లేదు. "నమ్మకం వాళ్ళది. టైము నాది. అడిగితే చెప్పకపోతే ఎలాగ?" అనేవారు.

ఆ పుస్తకాలకి చెద పట్టింది. అప్పట్లో నేను మెయిన్ రోడ్డులోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. నన్ను అడిగి, ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, విండోస్ తొంభై ఎనిమిదిలో తెలుగు ఫాంటు వేయించుకుని, రెండు చూపుడువేళ్ళతో ఏడు పుస్తకాలూ ఎక్కించారు. దానికి రెండేళ్ళు పట్టింది. ఎక్కించిన పుస్తకం ఎక్కించినట్టు పెరట్లో కాల్చేశారు. చెద బైబిళ్ళకి పాకుతుందని భయం.

అంటే ఆ పేర్లన్నీ ఇక ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని ఇది.

ఐదేళ్ళ కిందట మా ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని కంప్యూటర్లలో కొత్తగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వేశాం. నేనే దగ్గరుండి వేశాను. అది నేర్చుకున్నానన్న గర్వం నాలో కొంచెం ఎక్కువగానే ఉండేది. నర్సమ్మ గారి కంప్యూటర్ అప్పుడప్పుడు ఆగిపోతోందని విని, మార్చేద్దామని పట్టుబట్టాను.

"ఇది బానే నడుత్తంది కదా బాబూ. మార్చడం దేనికి?" అన్నారు.

"కొత్తదాంట్లో తెలుగు లోపలే ఉంటుందండి. వేరే ఫాంటు అక్కర్లేదు. మీ జాబితా ఎక్కడ తెరిచినా కనబడుతుంది."

"పేర్లకేం కాదు కదా?"

"అదంతా నేను చూసుకుంటాను."

ఆ శనివారం మధ్యాహ్నం జాబితా ఫైలుని ఒక ఫ్లాపీలోకి ఎక్కించాను. కాపీ అయినట్టు చూపించింది. తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ ఫ్లాపీని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసుకోవాలి. మా విద్యార్థులకి నేను చెప్పే మొదటి పాఠమే అది. ఒకే ఒక్క ఫ్లాపీ, అదీ వాడినది. చూడకుండానే హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేశాను. కొత్త సిస్టమ్ ఎక్కుతున్నంతసేపూ నర్సమ్మ గారు పక్కన కుర్చీ వేసుకుని, పురిటి గది బయట కూర్చున్నవాళ్ళలా చూస్తూ ఉండిపోయారు. నీలంరంగు తెర మీద కొత్త అక్షరాలు రాగానే "బావుంది" అని కాఫీ పెట్టడానికి లేచారు.

నేను ఫ్లాపీ పెట్టాను. గరగరమంది. డిస్క్ చదవలేకపోతున్నానంది. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. అదే మాట. మా ఇన్‌స్టిట్యూట్‌కి పరుగెత్తి అక్కడున్న ప్రతి కంప్యూటర్లోనూ పెట్టి చూశాను. తిరిగొచ్చేసరికి కాఫీ గ్లాసు మీద మీగడ కట్టి ఉంది.

నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది. "అన్నీనా?" అన్నారు.

"అన్నీ" అన్నాను.

ఆవిడ ముసుగు గుడ్డ తీసి కంప్యూటర్ మీద కప్పారు. "ఇంటికెళ్ళు బాబూ" అన్నారు. అంతే.

ఆ వారం ఫైలు తిరిగి తెప్పించే దారి ఉందేమోనని ఎవరెవరినో అడిగాను. ఫార్మాట్ చేసి, దాని మీద కొత్తది ఎక్కించాక పోయింది పోయినట్టేనని అందరూ ఒకటే చెప్పారు. బుధవారం నాడు ఊరికి దగ్గర్లోని పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. మా గుమ్మంలోకి అన్నీ వినబడుతున్నాయి.

"నర్సమ్మా, మా పెద్దపాపకి సంబందం వచ్చింది. పుట్టిన టైము తెమ్మన్నారు పంతులుగారు. సూసి సెప్పమ్మా."

"లేదు నాయనా. ఆ రాత పోయింది."

"నీకాడ నేకపోతే ఇంకెక్కడుంటాదమ్మా?"

అతను కోపంగా అన్నది కాదు. నిజంగా తెలియక అడిగాడు. నా పేరు ఆవిడ ఎత్తలేదు. నేను లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

శనివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. నర్సమ్మ గారు ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, చేతిలో కొత్త లాంగ్ నోట్‌బుక్‌తో నిలబడి ఉన్నారు.

"బండి తియ్యి" అన్నారు.

"ఎక్కడికండి?"

"వాళ్ళు ఎక్కడ పుట్టేరో అక్కడికి."

ముందు ఆ రైతు ఇంటికే వెళ్ళాం. అతని భార్య గడపలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "షుగర్ ఫేక్టరీ కూత ఏసిందమ్మా. అది ఆగకముందే ఇది ఏడిసింది" అంది.

"పొద్దుటి కూతా, మజ్జాన్నం కూతా?"

"పొద్దుటిదే. దీపం ఇంకా ఎలుగుతానే ఉంది. కొత్త అమాస ఎల్లిన మూడో నాడు."

పాప వయసుని బట్టి ఏడాది, ఫ్యాక్టరీ కూతని బట్టి టైము తేల్చి, పంతులుగారి దగ్గర పాత పంచాంగంలో ఉగాది ముందటి ఆ అమావాస్య చూసి తేదీ కట్టాం. కొత్త నోట్‌బుక్‌లో మొదటి వరస అదే. సాయంత్రం ఆవిడ మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నేను కొత్తగా నేర్పిన మీటలతో ఎక్స్‌పీలో ఆ తల్లి పేరు కొట్టారు.

ఆ తర్వాత ఇంచుమించు ఏడాదిపాటు మా శనివారాలన్నీ అలాగే గడిచాయి. దగ్గర ఊళ్ళకి నా స్కూటర్ మీద, దూరానికి బస్సులో. తేదీలు ఎవరికీ గుర్తులేవు. కానీ తల్లులు దేన్నీ మర్చిపోలేదు. ఏ మడిలో చెరుకు కొడుతున్నారో, గానుగ దగ్గర పెద్ద పెనంలో బెల్లం ఏ పాకానికి వచ్చిందో, ఏ గాలివానకి ఎవరి ఇంటి కప్పు లేచిపోయిందో చెప్పేవారు. నర్సమ్మ గారు వాటికి తన బదిలీల సంవత్సరాలు కలిపి తేదీకి దగ్గరగా తెచ్చేవారు. గట్టిగా తేలని చోట "సుమారు" అని రాయించేవారు. "తెలియనిది తెలిసినట్టు రాయకు" అని నాకు హెచ్చరిక. పురిటి కబుర్లు చెప్పేటప్పుడు ఒక మాట మళ్ళీ మళ్ళీ అనేవారు. "అందరూ ఆడా మగా అని అడుగుతారు బాబూ. ముందు ఊపిరి ఉందో లేదో అడగాలి."

నక్కపల్లి దాటాక లోపలికున్న ఒక పల్లెకి వెళ్ళడం మాత్రం ఆవిడ చాలా వారాలు వాయిదా వేశారు. చివరికి ఒక శనివారం వెళ్ళి, నేరుగా ఒక ఇంటి ముందు ఆగారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ చాప వేసి మజ్జిగ ఇచ్చింది. పిల్లలెంతమంది అని నేనే అడిగాను.

"ముగ్గురు బాబూ."

"నలుగురు" అన్నారు నర్సమ్మ గారు.

ఆ పెద్దావిడ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు గురుతుందా తల్లీ? ఇంట్లో ఎవులూ దాని మాటెత్తరు. ముగ్గురని అబద్దం ఆడతన్నానని నాకొక్కదానికే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది.

మొదటి కాన్పు. ఆడపిల్ల. మూడు రోజులు ఉంది. పేరు పెట్టలేదు.

"పిల్ల పేరు దగ్గర ఏం రాయనండి?" అన్నాను.

"పాప అని రాయి. ఊపిరి తీసింది కదా. వరసలో ముందు దాన్నే రాయి."

వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చారు. నేను వీధిలోకి వచ్చేశాను.

హైవే మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ చెప్పారు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆ తల్లికి నొప్పులు మొదలైతే, ఇంకా టైముందని చెప్పి ఈవిడ ఇంకో ఊరు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ నలిగిపోయి పుట్టింది.

"అది నా తొందరే. చూడవలసింది చూడకుండా అంతా తెలుసనుకుని వెళ్ళిపోయేను. మా పెద్ద నర్సు తిడతాదని చూసేను. తిట్టలేదు. 'రేపు డ్యూటీకి రా' అంది. అంతే అంది. ఆ మాట అనకపోతే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుందును."

బస్సు వచ్చింది. ఎక్కాం. ఆవిడ నా తప్పు గురించి మాట్లాడింది ఆ ఒక్కసారే. అది కూడా తన తప్పు చెప్పి.

జాబితా మొత్తం తిరిగి రాలేదు. కొందరు తల్లులు పోయారు. కొన్ని కుటుంబాలు వలస వెళ్ళిపోయాయి. సగానికి పైన మాత్రం దొరికింది. దాన్ని మూడు సీడీల్లోకి ఎక్కించి, మూడింటినీ వేరే వేరే కంప్యూటర్లలో తెరిచి చూపించాను. ప్రతిసారీ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటి పేరూ చివరి పేరూ చదివేవారు. ఊరి పేరు కొడితే ఆ ఊరి వాళ్ళందరూ ఒకేసారి తెర మీదికి రావడం చూసి, "ఇదొక్కటి మాత్రం పాతదానికన్నా మేలు" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఎంత తేలికపడ్డానో ఆవిడకి తెలుసనే అనుకుంటాను. ఇవాళ నా చేతికింద పనిచేసేవాళ్ళు ఎవరైనా ఏదైనా పాడుచేసి తలదించుకుని నిలబడితే, నా నోట్లోంచి వచ్చే మాట నాది కాదు. రేపు పనికి రా అంటాను.

సోమవారం సమాధుల దొడ్డిలో చర్చి వాళ్ళు ఉన్నారు, మా వీధి వాళ్ళు ఉన్నారు. ప్రార్థన మధ్యలో ఆటోలు రావడం మొదలైంది. పల్లెల నుంచి ఆడవాళ్ళు దిగి, ఇక్కడి పద్ధతేమిటో తెలియక గోడ దగ్గరే గుంపుగా నిలబడిపోయారు. పాస్టరు అయ్యగారు మొదటి గుప్పెడు మట్టి వేశాక వాళ్ళలో ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "మేం కూడా ఎయ్యొచ్చా అయ్యా?" అని అడిగింది. ఆయన తలూపారు.

ఆవిడ మట్టి వేసి, వెనక్కి తిరిగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డ కొడుకుని పిలిచింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆరడుగుల మనిషి. మా ఎవరికీ తెలియదు.

"వొంగు. నిన్ను మొట్టమొదట పట్టుకున్నయి ఆ సేతులేరా" అంది.

అతను చెప్పులు కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులనిండా మట్టి తీసుకున్నాడు. వెయ్యలేదు. దోసిట్లో అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అతని వేళ్ళ సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా జారుతూ ఉంది. చేతులు ఖాళీ అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు.