తీగ లేని చేను

ముందు నేర్చుకున్నది అడవిపందులా, వలీబీయా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

చందర్లపాడులో నా మూడెకరాలు ఆమె కౌలుకు చేసేది. పక్క గుట్టను తవ్వడం మొదలయ్యాక పందులు ఆమె మొక్కజొన్న మీద పడ్డాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. వారంలో పందులకు బెదురు పోయింది. నందిగామ సెలూన్ నుంచి జుట్టు తెచ్చి గట్ల మీద చల్లింది. మనిషి వాసనకూ అలవాటు పడ్డాయి. కుక్క అరుపుల మైకు పెడితే దాని కిందే కంకులు నమిలాయి.

“కరెంటు తీగ లాగమ్మా, పీడ వదులుద్ది,” అన్నాను.

“గడ్డికొచ్చిన మనిషి దాని మీద పడితే మీరొచ్చి లేపుతారా మాస్టారూ? తప్పు మనదేనండి. పెట్టింది పెట్టినచోటే ఉంచాం, అవి చూసుకుని వస్తున్నాయి. ఇక రోజూ మారుస్తా. అవి నేర్చుకోగా లేంది, నేను నేర్చుకోలేనా?”

అన్నట్టే రోజూ మూల మార్చింది, అరుపు మార్చింది. ముప్పాతిక పంట నిలిచింది. నా కళ్లు మాత్రం పోయిన పావు వంతు మీదే ఉన్నాయి. కోత రోజున, “వచ్చే ఏడు తీగ ఉంటేనే కౌలు,” అన్నాను.

వలీబీ నా వైపు చూడలేదు. ఆఖరి బస్తా ట్రాక్టరుకెత్తించి, తానూ ఎక్కి వెళ్లిపోయింది.