పళ్లెంలో బొమ్మ

వాచీలు బాగుచేసే ఆ తండ్రి ఆదివారం సాయంత్రాలు పిల్లలకు జ్ఞాపకశక్తి నేర్పుతాడు. పళ్లెంలో గుండీ, చెంచా, తాళంచెవి, పిల్లలు మురిపెంగా దాచుకున్నవి పెట్టి, తువ్వాలు కప్పి, ఒకటి మాయం చేస్తాడు. ఏది పోయిందో చెప్పలేకపోతే వాళ్లు దాచుకున్నది చెత్తబుట్టలోకి వెళ్తుంది. పోయిన వారం చిన్న కూతురు తన గుడ్డబొమ్మనే కళ్లప్పగించి చూస్తూ కూర్చుంది. ఆయన గుండీ తీశాడు. ఏది పోయిందో చిన్నది చెప్పలేకపోయింది. “పసిదండీ, వదిలెయ్యండి,” అంది తల్లి. “ఒక్కదాన్నే పట్టుకు వేలాడితే చదువెలా వస్తుందే, మొద్దూ?” అంటూ ఆయన దాని చేతే బొమ్మను బుట్టలో వేయించాడు.

ఈ ఆదివారం “నీకిష్టమైనది తేవే” అన్నాడు. “నాకేదీ ఇష్టం లేదు నాన్నా,” అంది చిన్నది. తువ్వాలు తీయగానే, పోయింది చెంచా అని ఠక్కున చెప్పింది. “చూశావా, ఎంత తొందరగా నేర్చుకుందో!” అని ఆయన భార్య వైపు తిరిగి మురిసిపోయాడు.