వాన కొలిచే మా నాయన

వచ్చే నెల రిటైరు కాబోతున్న మా అల్లుడు మొన్న భోజనాల దగ్గర, పింఛనుకేం లోటు లేదత్తయ్యా, ఇక ఫోను మోగదేమోనన్నదే నా దిగులు అన్నాడు. అమ్మాయి నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. కంచం ముందే కూర్చుని చిన్నప్పటి ఉరవకొండ బజారులోకి వెళ్ళిపోయాను.

మా నాయన తాలూకా కచేరీలో గుమాస్తా. ఎన్ని పనులున్నా ఊరికి ఆయన వాన కొలిచే అయ్యవారే. కచేరీ ఆవరణలో ఒక రాగి డబ్బా ఉండేది. వాన పడిన మర్నాడు పొద్దున్నే అందులోని నీళ్ళను గీతల గ్లాసులో పోసి, కళ్ళ ఎత్తుకు పట్టుకుని చూసి రాసుకునేవారు. ఏడాదికి నాలుగు మంచి వానలు పడితే పండగే అయిన ఆ సీమలో, ఆ గ్లాసు కోసం వేరుశనగ వేసే రైతులు బళ్ళు కట్టుకుని వచ్చి గేటు దగ్గర కాచుకునేవారు. ఎంత పడినాది సామీ, చెనక్కాయ ఎయ్యొచ్చునా అని అడిగితే, నాయన అంగుళాలు చెప్పి, ఏసేది ఏయనిది నాకేం తెలుసప్పా అనేవారు. అయినా వాళ్ళు తృప్తిగా తలూపి వెళ్ళేవారు.

అప్పట్లో యాభై అయిదేళ్ళకే ఉద్యోగం చాలించాలి. ఇంకో ఏడాది ఉందనగా నాయనకు ఒక వింత ఆలోచన పుట్టింది. కుర్చీ దిగాక తనను ఎవరు పలకరిస్తారో ముందే తెలుసుకోవాలని, ఒక ఆదివారం కోటూ తలపాగా ఇంట్లో పెట్టేసి, ఉత్త పంచె మీద తువ్వాలు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని బజారు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచారు. రోజూ లేచి నిలబడి దండం పెట్టే శెట్టి ఆ రోజు తలెత్తకుండా బెల్లం తూస్తూనే ఉన్నాడు. నాయన ముఖం వాడిపోయింది. ఇంటికొచ్చి అమ్మతో చెబితే, తలపాగ లేకుంటే మిమ్మల్ని నేనే గుర్తుపట్టను, వాళ్ళేం చేస్తారు అని పొయ్యి ఊదుకుంటూ అనేసింది. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. తర్వాత కూడా రెండు ఆదివారాలు అలాగే వెళ్ళి, అలాగే తిరిగొచ్చారు పాపం.

మరుసటి ఏడు ఎండాకాలంలో కచేరీవాళ్ళు పూలదండ వేసి పంపించారు. ఆరుద్ర కార్తెలో, ఒక తెల్లవారుజామున, కలలో పడినట్టు మెత్తగా మొదలై జోరుగా కురిసింది వాన. నాయన స్నానం చేసి, కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. తడిసిన మట్టి వాసన మధ్య బళ్ళు ఒకటొకటిగా మా ఇంటి ముందు నుంచే పోయాయి. కొందరు దండం పెట్టారు. ఒక్క బండీ ఆగలేదు, అన్నీ కచేరీకే. అమ్మ తలుపు చాటున నిలబడి అంతా చూస్తూనే ఉంది.

అన్నేళ్ళ కాపురంలో వాన సంగతి ఎన్నడూ అడగని మా అమ్మ, మధ్యాహ్నం కొంగుకు చేతులు తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది. వాన ఎంత పడిందంటారు, గోడ పక్కన చిక్కుడు గింజలు పెట్టాలనుకుంటాండా అంది. నాయన ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. తర్వాత లేచి, కోటు విప్పి కొయ్యకు తగిలించి, పెరట్లోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలోకి వేళ్ళు దించారు. ఆయన చేతికి మట్టి అంటడం నేను చూడటం అదే మొదటిసారి. జానెడు లోతుకు తడి దిగింది, పదునుంది, పెట్టుకో అన్నారు.

ఇప్పుడు వాన పడకముందే ఫోను చెప్పేస్తోంది, ఒకరి గడప దగ్గర నిలబడి అడగాల్సిన పని ఎవరికీ లేదు. బడిపంతులు ఉద్యోగం చాలించుకుని మా ఆయన ఇంటికొచ్చిన ఏడు, కిటికీ దగ్గర కుర్చీలో పొద్దస్తమానం కూర్చునేవారు. అంతా చూసిన దాన్నే అయి ఉండీ, ఆయన్ని ఏదో ఒకటి అడగాలని నాకు తోచలేదు. వేళకు కాఫీ మాత్రం ఇచ్చాను.