చచ్చిన దుర్యోధనుడికి దిండు

కరోనా మాస్కులను జనం గోడ మేకులకు తగిలించేసిన మొదటి ఎండాకాలం అది. చిత్తూరులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో నేను ఆయాని. వేడినీళ్ళ సంచులు నింపడం, దుప్పట్లు మార్చడం, పెద్దవాళ్ళను పట్టి లేపడం, వ్యాయామం చేయకుండా గోడ చూస్తూ పడుకున్నవాళ్ళను అదిలించడం నా పని. నేను చదివింది ఐదో తరగతి. మర్చిపోయింది మాత్రం ఏమీ లేదు. ఎందరివో నడుములు చూశాను గానీ, మా ఆయన నాయన, మా మామ మునస్వామి నడుము నన్ను నవ్వించినట్టు ఇంకెవరిదీ నవ్వించలేదు.

మామది బంగారుపాళ్యం దగ్గర పల్లె. పని మామిడితోట కాపలా. కానీ ఊరికి ఆయన దుర్యోధనుడు. మా వైపు ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలంలో భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. దానికోసం మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. వేషం కట్టినవాడు ఆ బొమ్మ చుట్టూ భీముడితో గద తిప్పి, ఎడమ తొడ చరిచి సవాలు విసిరి, చివరికి బొమ్మ పక్కనే పడి చావాలి. ఆ వేషం మామకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది.

ఆ యేడు ఉత్సవం నెల ఉందనగా, సరిగ్గా ఆ ఎడమ కాలికే నొప్పి పట్టుకుంది. పిరుదులో మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా నిప్పు జారినట్టు జారుతుందట. ఊరంతా ఒకటే మాట: "ద్రౌపదమ్మ శాపమబ్బా! ఇన్నేండ్లు ఆ తల్లికి తొడ సూపిస్తే ఊరికే పోతాదా?"

మామ ముందు పుత్తూరు పోయాడు. మా వాళ్ళకు చెయ్యి బెణికినా, కాలు విరిగినా పుత్తూరు కట్టు పడాల్సిందే. అక్కడి కట్టు కట్టే ఆయన కాలంతా తడిమి చూసి, "ఎముక రాయి మాదిరి ఉండాది పెద్దాయనా. ఇది నరం పని, ఆస్పత్రికి పో" అని మర్యాదగా పంపేశాడు. మామకు తల కొట్టేసినట్టయింది. పుత్తూరు దాకా పోయి కట్టు లేకుండా ఊర్లో ఏ మొహం పెట్టుకుని దిగాలి? బస్టాండులో కూర్చుని పైపంచె చింపి, తొడకు తనే కట్టు కట్టుకుని బస్సెక్కాడు.

ఆ కట్టుతోనే మా క్లినిక్‌కి వచ్చాడు. మా డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక మాత్రం పెద్దది.

"ఎవరు కట్టారు తాతా ఇది?"

"పుత్తూరు కట్టు."

"అక్కడి వాళ్ళే కట్టారా?"

మామ ఒకసారి నా మొహం, ఒకసారి కప్పు చూశాడు. "కట్టింది నేనే. అయితే పుత్తూర్లోనే కట్టినా."

డాక్టరమ్మ కట్టు విప్పి, మామను పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తింది. దాన్ని స్ట్రెయిట్ లెగ్ రెయిజ్ అంటారు. ఎంత ఎత్తులో మనిషి అరుస్తాడో చూస్తారు. మామ ఎత్తకముందే అరిచాడు. తర్వాత ఎత్తాక ఇంకోసారి అరిచాడు. అది అసలైన అరుపు. పాదంలో బలం ఉందా, స్పర్శ తెలుస్తోందా అన్నీ చూసి, "సయాటికా" అంది. నడుము దగ్గర నరం నొక్కుకుంటే కాలు పొడుగునా లాగే నొప్పి.

మామకు నచ్చలేదు. "తొడ నొప్పి అంటే నడుము సూస్తాదేందే సరోజా, ఈయమ్మ?"

"తోటలో పైపు మోటారు కాడ నొక్కుకుంటే నీళ్ళు యాడ ఆగతాయి తాతా?" అంది డాక్టరమ్మ మా యాసలోనే.

"సివర సెట్టుకాడ."

"ఇదీ అంతే."

మామ తొడ తడుముకున్నాడు. "అయితే తొడ కొట్టుకోవచ్చునా?"

డాక్టరమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను దుర్యోధనుడి సంగతంతా విప్పి చెప్పాను. ఆమె నవ్వి, "కొట్టుకో తాతా. దూకొద్దు, వంగి బరువులెత్తొద్దు, అదే పనిగా నేల మీద కూర్చోవద్దు" అంది. పాదం వేలాడిపోయినా, ఒంటికి రెంటికి తేడా వచ్చినా ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని నాకు గట్టిగా చెప్పింది. ఉత్సవానికి తగ్గుతుందని మాత్రం మాటివ్వలేదు.

మామ మా ఇంట్లోనే దిగాడు. భీముడి వేషం వేసే గోవిందు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు.

"మామా, ఈ యేటికి మా బామ్మర్ది కడతాడులే. నువ్వు కుర్సీలో కూర్చోని సూడు."

"నీ బామ్మర్దికి మీసమే సరిగ్గా రాలేదు, దుర్యోధనుడంట!" అని మామ ఎగిరిపడ్డాడు. గోవిందు వెళ్ళాక మాత్రం బత్తాయి ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయాడు. "ఒక్క యేడు సెయ్యి మారిందంటే ఆ వేషం ఇంక మనింటికి రాదే. మా నాయనకు ఏం సెప్పేది?" ఆయన నాయన పోయి ఎన్నో ఏళ్ళయింది. నాకు నవ్వు రాలేదు.

నడవమంటే నడిచేవాడు గానీ, నర్వ్ గ్లైడ్ అంటే మొండికేసేవాడు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాచి, పాదం పైకి వంచి, మళ్ళీ దించడమే అది. నరం ఒరలో కత్తిలా అటూ ఇటూ జరుగుతుంది. "ఊరికే కాలు ఊపేదానికి నేనేమైనా ఉయ్యాల్లో బిడ్డనా?" అనేవాడు. ఒకరోజు విసిగిపోయి, "మామా, సింహాసనం మీద రాజు కాలు ముడుచుకుని కూర్చుంటాడా?" అన్నాను. అంతే. మీసం దువ్వి, కాలు చాచి, పాదం ఎత్తి, "ఎవడురా నా ముందర నిలిచేది!" అని గర్జించాడు. పక్క మంచం మీది మేష్టరుగారి చేతిలోంచి వేడినీళ్ళ సంచి జారి కింద పడింది. ఆ రోజు నుంచి క్లినిక్‌లో దర్బారే. వారం తిరక్కుండా మేష్టరు కూడా "ఎవడురా" అనకుండా కాలెత్తేవాడు కాదు.

నొప్పి పూర్తిగా పోలేదు, పిక్క దాటి దిగడం మాత్రం మానింది. గోవిందును పిలిచి యుద్ధం సర్దుకున్నాం. భీముడే చుట్టూ తిరగాలి, దుర్యోధనుడు నిలబడి గద తిప్పాలి, గద దెబ్బ మట్టిబొమ్మ మీదే పడాలి. గోవిందు మనసు మంచిది, ఒప్పుకున్నాడు. అన్నీ ఆలోచించామనుకున్నాం.

వధ రోజు పొద్దున మామ ఎడమ తొడ చరిచిన చప్పుడుకు మామిడి కొమ్మల మీది కాకులు లేచిపోయాయి. యుద్ధం బ్రహ్మాండంగా జరిగింది. తొడ విరిగింది, మామ బొమ్మ పక్కన వెల్లకిలా పడి చచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు: ద్రౌపది వచ్చి, శపథం తీరిందని జుట్టు ముడుచుకునేదాకా ఈయన గట్టి నేల మీద కాళ్ళు బారజాపి కదలకుండా ఉండాలి! మేము యుద్ధం గురించే ఆలోచించాం, చావు గురించి ఆలోచించలేదు.

ద్రౌపది వేషం కట్టినాయన తీరిగ్గా పాట పాడుతున్నాడు. చచ్చిన దుర్యోధనుడి ఎడమ మోకాలు మెల్లగా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

"ఇంకా సావలేదురోయ్!" అని జనం కేకలు. "కొట్టప్పా భీమా, ఇంగొకటి కొట్టు!"

గోవిందు అయోమయంగా గద పైకెత్తాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో మామ నడుముకు ఆనించడానికి తెచ్చిన దిండు నా చంకలో ఉంది. పరుగెత్తుకెళ్ళి భీముడి గద కింద దూరి, మామ మోకాళ్ళ కింద పెట్టేశాను. మోకాళ్ళు వంగితే నరానికి ఊపిరాడుతుంది. మామ "అబ్బా" అని ఒక్క నిట్టూర్పు విడిచి, ఈసారి నిజంగా చచ్చినట్టు పడుకున్నాడు. గోవిందు గద దించాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ అంది: "పోనీలేమ్మా. పగోడైనా సచ్చినాక సుఖంగా పండుకోనీ."

పాటయ్యాక నేనే, "పక్కకు తిరుగు మామా. మోకాళ్ళు ముడువు. మోచెయ్యి ఆనించి లెయ్యి" అన్నాను. కోడలు చెప్పినట్టు లేచిన దుర్యోధనుణ్ణి చూసి ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. వేషం మా ఇంట్లోనే నిలిచింది.

ఆ తర్వాత నేను క్లినిక్‌లో పెద్దవాళ్ళను పని గురించి మాత్రమే అడిగి వదలను. పనైపోయాక యాడ, యెట్ల పడుకుంటావని కూడా అడుగుతాను. మనిషి పని చేసేటప్పుడే కాదు, ఊరికే పడి ఉన్నప్పుడు కూడా ఒళ్ళు పని చేస్తూనే ఉంటుందని మామ నేర్పించాడు.

మరుసటి యేడు వధకు పోయినప్పుడు మామ నన్ను చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. బొమ్మ చేసేవాళ్ళను ఎవరూ అడగలేదట, ఎవరూ చెప్పలేదట. మట్టి దుర్యోధనుడి మోకాళ్ళ కింద, అంచులు కుట్టినట్టు గీతలు కూడా పెట్టి, మట్టితోనే ఒక దిండు చేసిపెట్టారు.