పెట్టె నిండలేదు మామా

నిన్న పొద్దున షాపులో పూసలు తూకం వేస్తున్నాను. ఫోన్ మోగింది. మామ కొడుకు జయరాజు.

"నాన్న పోయినాడు వదినా. గుండెపోటు."

సరే అన్నాను.

ఫోన్ పెట్టేసి మిగతా పూసలు కూడా తూచాను. ప్యాకెట్‌కు పిన్ కొట్టాను. కస్టమర్‌కు చిల్లర ఇచ్చాను. షట్టర్ దించాక మాత్రం తాళం ఎటు తిప్పాలో తెలియలేదు.

ఇంతవరకు ఏడుపు రాలేదు. రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మామ అంటే శామ్యేలు సార్, మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లోనే టీచర్‌గా చేసి రిటైరయ్యాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా చర్చిలో ఆర్గన్ వాయించింది ఆయనే. కాళ్లతో తొక్కి వాయించే పాతకాలం ఆర్గన్. మిషనరీ దొరలు ఓడలో తెప్పించిందట.

కొన్నేళ్ల కిందట అందులో వేలితో నొక్కే మెట్లలో ఒకటి మూగబోయింది. లోపల ఆ స్వరం పలికించే ఇత్తడి రేకు, రీడ్ అంటారు, విరిగింది. నొక్కితే గాలి తప్ప శబ్దం రాదు. ఇక్కడి హార్మోనియం రీడ్లు తెచ్చి పెట్టి చూశాడు. సైజు కుదరలేదు.

మామ ఒక ఆదివారం లేచి నిలబడి అందరికీ చెప్పాడు.

"ఆ స్వరం వచ్చినప్పుడు నేను ఊరుకుంటా. మీరు గట్టిగా ఎత్తుకోండప్పా. సరిపోతాది."

అంతే, మా చర్చిలో అందరికీ అదే అలవాటైంది. ఆ ఒక్కచోట గొంతులన్నీ లేస్తాయి. ఎంత అలవాటంటే, పులివెందులలో ఒక పెళ్లికి పోయి అక్కడ కూడా అట్లే అరిచాం. వాళ్ల కీబోర్డు బ్రహ్మాండంగా పలుకుతోంది. పెళ్లికొడుకుతో సహా అందరూ వెనక్కి తిరిగి చూశారు. మామ తల వంచుకుని ఒకటే నవ్వు.

నేను ప్రొద్దుటూరులో ఉండి మగ్గం వర్క్ సామాను అమ్ముతాను, ఆదివారం చర్చికి మాత్రం ఊరికి పోతాను. కొన్ని పూసలు ఆన్‌లైన్‌లో ఫారిన్ సెల్లర్ల దగ్గర కొంటాను. ఆ రీడ్ కూడా అట్లే వెతికి పట్టుకున్నాను. పాత ఆర్గన్ల సామాను అమ్మే ముసలాయన దగ్గర ఉంది. సరిగ్గా అదే సైజు.

రేటు తక్కువే. షిప్పింగ్ చూస్తే కళ్లు తిరిగాయి. రీడ్ ధరకు ఎన్నో రెట్లు.

మామకు ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఏందిమే ఇది! ఇమానంలో కిటికీ పక్కన సీటిచ్చి, అన్నం పెట్టి తోలుకొస్తారా దీన్ని?"

దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పూసల సెల్లర్లు, ఈ ముసలాయన ఉండే దేశంలోనే ఒక గోడౌన్ అడ్రస్ తీసుకున్నాం. నేను, పులివెందుల ఫ్రెండ్, సింహాద్రిపురం టైలరమ్మ. ఎవరు ఏం కొన్నా ముందు అక్కడికే పోతుంది. అన్నీ చేరి పెట్టె నిండాక ఒకేసారి తెప్పించుకుంటాం. షిప్పింగ్ ముగ్గురం పంచుకుంటాం.

రీడ్ కొని ఆ గోడౌన్‌లోనే పెట్టించాను.

నాలుగు నెలలయింది.

మూఢమొచ్చింది, ముహూర్తాలు లేవు. వర్క్ బ్లౌజులు లేవు. పూసల ఆర్డర్లు లేవు. పెట్టె సగం దగ్గరే ఆగింది.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటూ అడిగేవాడు. "నిండిందా మే?"

"ఇంకా లేదు మామా."

పోయిన నెల మా ఇంటికే వచ్చాడు. పింఛను దుడ్లు కవర్‌లో పెట్టుకుని వచ్చాడు.

"దాన్నొక్కదాన్నే తెప్పించు. నేను పెట్టుకుంటా. నా చేతులు శానా వణుకుతాండాయి మే. క్రిస్మస్‌కు ఆర్గన్ పాస్టరమ్మకు అప్పజెప్పి దిగిపోతా. మూగదాన్ని చేతికిచ్చి దిగిపోతే బాగుంటాదా?"

నేను కసురుకున్నాను.

"ఊరుకో మామా! ఇంత ముక్కకు అంత డబ్బు తగలేస్తావా? శ్రావణ మాసం రానీ. ఆర్డర్లు వస్తాయి, పెట్టె నిండుతుంది. యాడికి పోతాది అది?"

"సరేలేమే. నీకు తెలిసినంత నాకు తెలీదు." కవర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగి బస్సెక్కాడు.

నేను చాలా తెలివిగా డబ్బు మిగిల్చాను అనుకున్నాను. ఛీ.

ఈరోజు మధ్యాహ్నం చర్చిలో ఆఖరి ఆరాధన జరిగింది. పెట్టెలో మామ. తెల్ల చొక్కా, అదే కళ్లజోడు. ఆర్గన్ దగ్గర పాస్టరమ్మ.

ఆయనకు ఇష్టమైన పాటే ఎత్తుకున్నారు. ఆ స్వరం వచ్చింది. పాస్టరమ్మ వేలు ఆ మెట్టు మీద పడింది. గాలి తుస్సుమంది.

ఎవరికీ గొంతు లేవలేదు.

ఒక్కరికీ లేవలేదు. ఇన్నేళ్లలో మేం ఆ ఖాళీని ఎప్పుడూ వినలేదు. ఈరోజు విన్నాం. పాట ఎన్ని చరణాలుందో అన్నిసార్లు విన్నాం.

సమాధుల తోట నుంచి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే ఫోన్ తీశాను. గోడౌన్ లిస్టులో నా పూసలున్నాయి, వాళ్ల దారాలున్నాయి. వాటిని వదిలేసి రీడ్ ఒక్కదానికే టిక్ పెట్టాను. ఇంత పెద్ద పెట్టె అక్కర్లేదు, చిన్న కవర్ చాలు అని చూపించింది.

షిప్పింగ్ ఎంతో చదవలేదు. పే నొక్కేశాను.

క్రిస్మస్‌కు పాస్టరమ్మకు అప్పజెప్తాం మామా. పలికేదాన్నే అప్పజెప్తాం.

నిన్ను ఆపింది నేనే. మన్నించు.

పోయిరా మామా. ప్రభువు దగ్గర ఏ మెట్టూ మూగది ఉండదు. నెమ్మదిగా కూర్చుని వాయించుకో.